పాలు మానేసిన ఇల్లు

మా కాలనీకి పాలు సరిగా రాక నేటికి నాలుగు రోజులు. చుట్టుపక్కల పల్లెల్లో పశువులకు గాలికుంటు జబ్బు తగిలిందట. పాలు పోసే మనిషి మొదటి రోజు సగం క్యానుతో వచ్చాడు, రెండో రోజు ఖాళీ సైకిలు మీద వచ్చి ఆ సంగతి చెప్పి పోయాడు, మూడో రోజు నుంచి రావడమే మానేశాడు. ఈ ఉదయం నా భార్య పొయ్యి ముందు నిలబడి, "ఇయ్యాల పెరుగు లేదు, సల్ల సుత లేదు. అన్నంల ఏం పోసుకుంటరు?" అని అడిగింది. నేను గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచి చూపు తిప్పకుండానే, "ఒక గిలాసెడు పల్లీలు నానబెట్టు. ఎండుమిరపకాయల తొడిమలు పారెయ్యకు, తోడుకు పనికొస్తాయి" అన్నాను. తిరిగి చూస్తే ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. పెళ్లయిన నాలుగేళ్లలో వంటింటి గురించి నేను చెప్పిన మొదటి మాట అదేనేమో. "గిదెవ్వలు నేర్పిండ్రు మీకు?" అంది. సబ్బు నురగ ఆరిపోతున్నా బ్లేడు పక్కన పెట్టి, నేను పీట మీద కూర్చున్నాను. ఒక మాటలో చెప్పేది కాదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. నేను సర్వేయింగులో డిప్లొమా పూర్తి చేసి, బెల్లంపల్లి దగ్గరి బొగ్గు బావుల్లో, అంటే గనుల్లో, శిక్షణకు చేరాను. మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడి వర్కుషాపులో ఫిట్టరు. ఇంకెక్కడో గది ఎందుకని నన్ను వాళ్ల క్వార్టరులోనే ఉండమన్నాడు. రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు, ముందు నాలుగడుగుల వరండా. నేను చేరిన వారంలోనే ఆ ఇంటిని టేపుతో కొలిచి పటం గీశాను. వరండా కన్నా వంటిల్లు అడుగున్నర చిన్నదని తేల్చి చెబితే బావ గంభీరంగా తలూపి, "గిప్పుడు ఏం చేద్దామంటవ్ బామ్మర్దీ? కంపెనీల చెప్పి వరండల వండుకుందామా?" అన్నాడు. నాకు కొలతల పిచ్చి. ఏదైనా కొలిచి, వరుసగా రాసి, పక్కన గీత గీస్తే గాని అది ఉన్నట్టు నాకు నమ్మకం కలగదు. జేబులో ఎప్పుడూ ఫీల్డు బుక్కు ఉండేది. అందులో బావి గోడల కోణాలతో పాటు చాకలికి వేసిన బట్టలు, చదవాల్సిన పుస్తకాలు, అక్క తెమ్మన్న సరుకులు కూడా ఉండేవి.

ఆ కాలనీని తలుచుకుంటే ముందు పొగ గుర్తొస్తుంది. తెల్లవారగానే ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి రాజేసి ఆరుబయట పెట్టేవాళ్లు, పొగ పోయాక లోపలికి తీసుకుపోయేవాళ్లు. ఆ అరగంటసేపు వరస వరసంతా నీలంగా మసకబారి, మనుషులు నడుములదాకానే కనిపించేవారు. ఆ పొగలో ఎవరో దగ్గేవారు, ఎవరో పాడేవారు, పక్క వరసలో ఒరియా మాటలు, ఎదుటి వరసలో హిందీ మాటలు, మా వరసలో మన మాటలు. సైరను కూయగానే పొగలోంచి టోపీలు, దీపాలు పెట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే తేలి వచ్చి గేటు వైపు కదిలేవారు. వాళ్లు నేల మీద నడుస్తున్నట్టు కాక, ఏదో పారుతున్న నీళ్లలో పోతున్నట్టు ఉండేది. ఎండ ఎక్కేసరికి అదంతా ఏమీ లేనట్టే మాయమయ్యేది. కిటికీ చెక్క మీద మాత్రం నల్లటి పొడి మిగిలేది. వేలితో దాని మీద గీత గీయడం నాకు అలవాటు.

అక్కకు తొలి కాన్పు పుట్టింట్లో, మంథనిలో, మా అవ్వ, అంటే మా అమ్మ, చేతుల మీద అయింది. మూడో నెలలో పాపతో పాటు నేనే తనను రైలులో ఆ ఇంటికి తీసుకొచ్చాను. రైలులో పాప బొగ్గు పొగకు తుమ్ముతుంటే అక్క నవ్వింది, "గిది బాయిల బిడ్డనే అయితది" అంటూ. వచ్చిన పన్నెండో రోజున జ్వరం. పదహారో రోజుకు పాప లేదు. అంతకంటే దాని గురించి రాయను. కాలనీ చివరి వరస దాటితే ఒక వాగు, వాగు ఒడ్డున మోదుగు చెట్లు. అప్పుడప్పుడే ఎర్రగా పూస్తున్నాయి. అక్కడ పెట్టి వచ్చాం. మరునాటి నుంచీ అక్క రోజూ పొద్దున, బావ డ్యూటీకి పోగానే, ఒక్కతే ఆ వాగు దాకా పోయి వచ్చేది. పోవద్దని ఎవరం అనలేదు. నేను మాత్రం గుమ్మం నుంచి వాగుకు ఎన్ని అడుగులో లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు.

మా వరస చివరి ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఉత్తరాది నుంచి ఎప్పుడో బావుల్లో పనికి వచ్చి, వయసు మీరాక ఒక బర్రెను పెట్టుకుని పాలు అమ్మేవాడు. మనిషి మంచివాడు, పాలల్లో నీళ్లు కలపడని పేరు. అక్క పొద్దున వాగు నుంచి వస్తూ అతని దగ్గర చెంబులో పాలు పోయించుకుని వచ్చేది. పాప పోయిన రెండు వారాలకు ఒక పొద్దున ఆమె ఖాళీ చెంబుతో వచ్చింది. చెంబును వంటింట్లో బోర్లించి పెట్టి, "ఆ పాలు మనకొద్దు తమ్మీ" అంది. సరే, ఇంకోచోట తెస్తానన్నాను. "ఎక్కడియీ వద్దు" అంది. నేను నీళ్లు కలిపాడేమోననుకుని కోపంగా ఆ చివరింటికి పోయాను. పోతే తెలిసింది. అతని బర్రె దుడ్డె రెండు రోజుల కింద చచ్చిపోయింది. దుడ్డె లేకపోతే బర్రె చేపదు, అంటే పొదుగులో పాలు ఉన్నా కిందికి దించదు. అందుకని అతను దుడ్డె తోలు తీయించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టించి, నాలుగు కర్రలు కాళ్లుగా దిగ్గొట్టి బర్రె ముందర నిలబెట్టాడు. మీద కాస్త ఉప్పు నీళ్లు చల్లాడు. బర్రె దాన్ని నాకుతూ ఉంటుంది, ఇతను పిండుతూ ఉంటాడు. ఇది మన వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్న పద్ధతే. చిన్నప్పుడు నేనూ చూశాను, అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ రోజూ మొదట తప్పు కనిపించలేదు. బర్రె నాలుక ఆ గడ్డి కడుపు మీద పైకీ కిందికీ పోతుంటే సర్రు సర్రుమని చప్పుడు వినిపించింది. దాని కళ్లు అరమూసి ఉన్నాయి. నేను తిరిగి వచ్చేశాను.

బావకు ఆ సాయంత్రం అక్కే చెప్పింది. చెప్పిందంటే, అన్నంలో సల్లకు బదులు చారే మళ్లీ పోసి, "ఇగ ఇంట్ల పాలు రావు" అంది. సల్ల లేకుండా ఒక్క పూట తినని మనిషి బావ. వర్కుషాపు వేడిలో పని, కడుపులో చల్లగా ఏదైనా పడాలంటాడు. అక్క మొహం చూసి, నా మొహం చూసి, చారన్నమే కలుపుకుని తిన్నాడు. చేయి కడుక్కునేటప్పుడు నాతో మెల్లగా, "నువ్వు సదువుకున్నోనివి గదా, గీ సల్లకు బదులు ఏదన్నా సూడు" అన్నాడు. అతను నన్ను చదువుకున్నవాడిగా వాడుకున్న సందర్భం అదొక్కటే. నేను అక్షరాలా తీసుకున్నాను.

ఫీల్డు బుక్కులో కొత్త పేజీ తీసి రాశాను: వంటలో పాలు చేసే పనులు ఐదు. తెలుపు, జిడ్డు, పులుపు, చిక్కదనం, చలవ. ఈ ఐదూ ఒకే వస్తువులో మళ్లీ దొరకవు కాబట్టి ఒక్కో పనికి ఒక్కోటి వెతకాలి. జొన్న సంకటి, మా మాటలో గటక, అందులోకి పులుపు తేలికగానే దొరికింది. అన్నం గంజిని కుండలో రెండు రోజులు పులియబెట్టి, ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేస్తే జొన్న గటక దానితోనే జారిపోయేది. కూరల్లో పెరుగుకు బదులు నువ్వుల ముద్ద, చింతపండు. చిక్కదనం వచ్చింది, తెలుపు రాలేదు. చాయ దగ్గర ఓడిపోయాను. అల్లం, బెల్లం వేసి నల్లగా తాగాం. బావ మొదటి గుక్కకు, "మందు ఎన్ని పూటలు తాగాలె?" అన్నాడు. శేర్లు పోయి కిలోలు వస్తున్న రోజులవి. మా ఇంట్లో రెండు రకాల తూకపు రాళ్లూ ఉండేవి. నేను మాత్రం అన్నీ గిలాసల్లో కొలిచాను, గిలాస మారదు కాబట్టి.

పెరుగు కోసం పల్లీలతో పదిహేను రోజులు కుస్తీ పట్టాను. నానబెట్టి, పొట్టు తీసి, అక్క రోట్లో రుబ్బితే నేను పాత ధోవతి ముక్కలో పిండేవాణ్ణి. ఒక గిలాసకు నాలుగు గిలాసల నీళ్లు పోస్తే పలచన. రెండు పోస్తే ముద్ద. మూడు సరి. బాగా కాచి, గోరువెచ్చగా చల్లారాక ఐదు మిరప తొడిమలు వేయాలి. ఆ తొడిమల్లో పులియబెట్టే గుణం ఉందని వర్కుషాపులోని ఒక కేరళ మేస్త్రీ చెప్పాడు. మొదటిసారి నీళ్లు ఒకవైపు, సున్నం లాంటిది ఒకవైపు. రెండోసారి తోడుకుంది గాని వాసన గానుగ ఇంటిదే. నాలుగోసారికి గిన్నె వంచితే జారకుండా నిలబడింది. అక్క చెంచాతో దాని మీద ఒక గుంట చేసి చూసి, "తోడుకున్నది తమ్మీ" అంది. పాప పోయాక ఆమె గొంతులో అంత ఉత్సాహం అదే మొదలు. కుసుమలు కూడా రుబ్బి చూశాను. పాల కంటే తెల్లగా వచ్చాయి. ఆశగా పొయ్యి మీద పెడితే కాగకముందే విరిగి గడ్డలు కట్టాయి. మూడుసార్లు విరిగాయి. కుసుమలు పనికిరావని రాసి కింద రెండు గీతలు గీశాను.

నెయ్యి సంగతి ఆదివారం అంగడిలో తేలింది. గూడెం నుంచి ఒక పెద్దామె ఇప్పనూనె సీసాలు తెచ్చి అమ్మేది. చలికి ఆ నూనె తెల్లగా పేరుకుని, చూడటానికి అచ్చం నెయ్యే. అక్క సీసా ఎత్తి వెలుతురులో చూస్తూ, గూడెం ఆడవాళ్ల పిలుపుతోనే, "బాయీ, గిది రొట్టె మీద రాసుకోవచ్చునా?" అంది. "రాసుకో. మేం గదే రాసుకుంటం." "ఇంట్ల ఆవుల్లేవా?" "ఉన్నయి. ఏడున్నయి." "మరి నెయ్యి?" ఆమె అక్కను వింతగా చూసింది. "మా ఇంట్ల ఆవులను పిండుకోం బాయీ. పాలు దూడయి గదా." ఆమె చాలా మామూలుగా చెప్పింది, ఎండ ఎక్కుతోంది అన్నట్టు. అక్క ఆ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక జనం తోసుకుంటున్నా కదల్లేదు. తర్వాత రెండు సీసాలు కొంది. ఇంటికి వచ్చేదారిలో నాతో, "నేనొక్కదాన్నే పిస్సదాన్ననుకున్న" అంది. ఆ నూనెను కరివేపాకు వేసి కాచితే వాసన సగం తగ్గేది. మిగిలిన సగానికి మేమే అలవాటు పడ్డాం.

బన్నుల సంగతి కూడా రాసి తీరాలి. రైలు గేటు దగ్గర ఒక సాయిబు భట్టీలో బన్నులు కాల్చి సైకిలు మీద తెచ్చేవాడు. నిగనిగలాడుతూ ఉండేవి. వాటిలో పాలున్నాయా అని అక్క అడిగితే అతను సైకిలు దిగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "బేటీ, ఎవ్వలకు చెప్పకు. పాల బన్ను, పాల బన్ను అని ఒర్రుత గని, గా బన్నుకు పాల మొఖం తెల్వదు. మీద బెల్లం నీళ్లు పూస్త, లోపట వనస్పతి." తన రహస్యం బయటపడినందుకు కాక, అది విని అక్క సంతోషించినందుకు పరేషాన్ అయి, రెండు బన్నులు ఎక్కువే ఇచ్చి పోయాడు.

అట్లా మూడు వారాలు గడిచాయి. అప్పుడు చొప్పదండి నుంచి కార్డు వచ్చింది. రాయించింది బావ తల్లి. పాప పోయినప్పుడు ఆమె మంచాన పడి ఉండి రాలేకపోయింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. కార్డులో ఉన్నది నాలుగు వరసలు. తాను ఆదివారం వస్తున్నది. ఆ ఇల్లు మీకు అచ్చిరాలేదు. కోడలిని తీసుకుపోయి ఏడాది తన దగ్గర ఉంచుకుంటది. బట్టలు సర్ది ఉంచాలె. ఆ పొద్దున డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న బావ చదివి కార్డును తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడేమన్నా వేరే మాట ఉందేమోనని. అక్క అప్పుడే వాగు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. విని, చెంబు కింద పెట్టి, "నేను పోను" అంది. "ఏడాది నేను లేకుంటే గక్కడికెవ్వలు పోతరు? వానలొస్తె ఆ జాగ సుత గుర్తువట్టరాదు." బావ తల వంచుకున్నాడు. తల్లికి ఎదురు మాట్లాడి ఎరుగడు. ముగ్గురికీ ఒక విషయం మాత్రం తెలుసు. ఇల్లు అచ్చిరాలేదని ఆమె ఇప్పటికే అంటోంది. ఇంట్లో చుక్క పాలు లేవని, ఎందుకు లేవో కూడా తెలిస్తే ఇక ఒక్క రోజు ఆగదు. కోడలి మనసు చెదిరిందని చెయ్యి పట్టి బండెక్కిస్తుంది. అందుకని తెలియనివ్వకూడదు అనుకున్నాం. ఆమె ఎప్పుడు వచ్చినా ఉండేది ఐదు రోజులే, ఆ లోపు మనసు మారకపోతుందా అని ఆశ. ఐదు రోజుల వంటకు నేను పట్టిక వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు బావి లోపల సొరంగం గురి చూసినంత శ్రద్ధగా వేశాను.

అత్తమ్మ, అంటే బావ తల్లి, సన్నటి మనిషి. చేతులకు వెండి కడియాలు, నోట్లో పదును. రిక్షా దిగుతూనే, "గీ ఊళ్లె కాకులు నల్లగున్నయా, మసివట్టినయా?" అంది. చంకలో ఇత్తడి గిన్నె, దాని నిండా ఇంటి బర్రె నెయ్యి. అది మా పట్టికలో లేదు. సాయంత్రం భోజనాల దగ్గర ఆమే గిన్నె పట్టుకుని వడ్డించింది. బావ విస్తరి మీద చేయి అడ్డం పెట్టబోయి అక్క వైపు చూశాడు. "తినుండ్రి" అంది అక్క మెల్లగా. తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కడుపులో బాగోలేదంది. అత్తమ్మ గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగి, మళ్లీ గిన్నెలోకి పోయింది. తర్వాత పల్లీల పెరుగు వచ్చింది. ఆమె కలుపుకుంది, తింది, వేళ్లు నాకింది. "పెరుగు మంచిగ తోడుకున్నది" అంది. బావ నా తొడ గిల్లాడు. రాత్రి పడుకునే ముందు పట్టికలో ఆ వంటకం పక్కన టిక్కు పెట్టాను.

రెండో రోజు, మూడో రోజు కూడా అట్లాగే గడిచాయి. అక్క వాగుకు పోయి వస్తుంటే ఆమె వరండాలో కూర్చుని చూసేది గాని అడిగేది కాదు. చాయ నల్లగా ఉంటే, "గీ ఊళ్లె ఆఖరికి చాయ సుత బొగ్గేనా?" అనేది. నాలుగో రోజు పొద్దున బావ పనికి పోయాక చెంగు బిగించింది. "రేపు పయనం. పోయేముందు ఇంట్ల పాశం వండాలె. పాలల్ల బియ్యం, బెల్లం ఉడికిన పాశం. పాలు నేనే తెస్త" అంటూ బోర్లించి ఉన్న చెంబు తీసుకుంది. అక్క చేతిలో చేట ఉండిపోయింది. "పాలాయన దూరం అత్తమ్మా, నేను పోత" అన్నాను. "ఎంత దూరం? నువ్వు కొలిచినవట గదా" అంది, అప్పటికే మెట్లు దిగుతూ. నేను వెనకే పోయాను. నీలం పొగ ఇంకా పూర్తిగా విడలేదు. ముందు ఆమె కడియాల చప్పుడు, వెనక నేను.

మేం పోయేసరికి పెద్దాయన పిండుతున్నాడు. బర్రె కళ్లు అరమూసుకుని నాకుతోంది. నెల రోజుల నాకుడుకు ఆ తోలు మీద ఒకచోట వెంట్రుక పోయి నున్నబడింది. ఒక కర్ర కాలు వంకర పోయి దుడ్డె పక్కకు ఒరిగితే, బర్రె మూతితో దాన్ని నెమ్మదిగా నిలబెట్టింది. మళ్లీ నాకింది. "ఎంత పొయ్యాలమ్మా?" అని అడిగాడాయన. అత్తమ్మ చూపు బర్రె మీదే ఉంది. తన ఊళ్లో ఇటువంటివి ఎన్ని చూసి ఉంటుందో. ఆమె చాలాసేపు నిలబడి, చెంబును చెంగు కింద పెట్టుకుని వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. "ఎన్నొద్దులాయె?" అంది. అక్క చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. "మొదటి పూటనే ఎరికైంది నాకు. పాలున్న ఇల్లయితే పిల్లి తిరగదా? పాలగిన్నె అడుగు మాడదా? నీ తమ్ముడు సదివింది గిదేనా? గా పల్లీల పెరుగు తిన్న కాంచి నా గొంతు గరగర అంటనే ఉన్నది." నేను తల దించుకున్నాను. టిక్కులన్నీ దండగ. "ఎందుకు మానేసిన్రో మాత్రం గిప్పుడు తెలిసింది" అని, గొంతు మార్చి అక్కను అడిగింది: "మల్లెపూలు కట్టుకున్నవా బిడ్డా?" అక్క లేదన్నట్టు తల ఊపింది. అంతే, చేట పడేసి ఆ ముసలామె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. పాప పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. నాకు ఏమీ అర్థం కాలేదు. పాలకూ మల్లెపూలకూ సంబంధమేమిటి? నా ఐదు పనుల్లో పూలు లేవు. ఆ సాయంత్రం అత్తమ్మ నాతో బజారు నుంచి మల్లెపూలు తెప్పించింది. ఎందుకని అడిగితే, "మొగపిల్లలకెందుకు?" అంది. ఎనిమిదేళ్ల తర్వాత, ఈ ఉదయం, ఇదంతా చెబుతుంటే నా భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పాప పోంగనే తల్లికి పాలు పోతయా? రొమ్ములకు మల్లెపూలు కడితే ఇంకిపోతయంటరు. ఆమె ఆ నెల రోజులు..." అని ఆగిపోయింది. నాలుగు గోడల మధ్య, నా కళ్ల ముందు, అక్క మోసిన ఆ నొప్పి నా ఫీల్డు బుక్కులో ఎక్కడా లేదు.

ఏడుపు తగ్గాక అత్తమ్మ లేచి, "కుసుమలున్నయా?" అంది. ఉన్నాయిగాని విరుగుతాయని చెప్పాను. "నువ్వు కాగవెట్టి ఉంటవు. విరగకేం చేస్తయి?" అంది. వాళ్లు ఊరు విడిచి చేన్లలో తలదాచుకున్న ఏడాది, పశువులన్నీ పోయి పిల్లలకు పాలే లేనప్పుడు, ఆమె కుసుమ పాలతోనే ఇద్దరు పిల్లల్ని సాకిందట. అందులో ఒకడు మా బావ. ఇంకొకడు దక్కలేదు. ఆ మాట ఆమె కుసుమలు రుబ్బుతూ, రుబ్బుడు ఆపకుండా చెప్పింది. బియ్యం మెత్తగా ఉడికించింది. కుండ పొయ్యి మీద నుంచి దించి, ఆవిరి కాస్త పోయాక కుసుమ పాలు సన్నటి ధారగా పోస్తూ కలిపింది. తర్వాత సన్నసెగ మీద, గరిటె ఆపకుండా. బెల్లం ఆఖరున, మళ్లీ దించాక. విరగలేదు. మా వంటింట్లో నెల రోజుల తర్వాత తెల్లటిది ఒకటి తెల్లగా నిలిచింది. ఏలకులు లేవు, మిరియం దంచి వేసింది. ఆ వాసన ఇప్పటికీ అప్పుడప్పుడు, పనిలో ఉండగా, ఎక్కడి నుంచో వచ్చి పోతుంది.

మర్నాడు పొద్దున ఆమె అక్కతో, "నన్నొక్కపారి గా వాగు కాడికి తీస్కపో" అంది. ఇద్దరూ మోదుగాకు దొప్పలో కాస్త పాశం పట్టుకుని పోయారు. నేను వరండాలోనే ఉన్నాను. పొగలో వాళ్లు నడుములదాకా, తర్వాత భుజాలదాకా కనిపించి మాయమయ్యారు. తిరిగి వచ్చాక అత్తమ్మ తన మూట ఒక్కటే కట్టుకుంది. బావ అక్క పెట్టె కోసం చూస్తుంటే, "గదెందుకు? ఇది యాడికి రాదు. ఇక్కన్నే ఉంటది" అంది. "అవ్వా, మరి ఇల్లు..." అన్నాడు బావ. "ఇల్లేం జేసిందిరా? ఇల్లు మంచిగనే ఉన్నది. దాన్ని ఎటూ పంపకు, పొద్దుగాల వాగుకు పోతె అడ్డం చెప్పకు." రైలు పెట్టెలో కూర్చున్నాక కిటికీలోంచి నన్ను పిలిచింది. నేను దగ్గరికి పోతే, "పిలగా, గా పల్లీల పెరుగు మళ్ల ఎవ్వలకన్న పెట్టినవా, నీ చెయ్యి ఇరుగుతది" అంది. రైలు కదిలింది. నెయ్యి గిన్నె ఆమె వెంటే వెనక్కి పోయింది.

వానలు పడ్డాక బర్రె వట్టిపోయింది. పెద్దాయన ఆ గడ్డి దుడ్డెను ఏం చేశాడో చూడలేదు. శిక్షణ ముగిసి నేను మరో బావికి మారాను. పాలు మళ్లీ ఆ ఇంటికి ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. ఒకసారి సెలవులో పోతే బావ సల్ల పోసుకుని తింటున్నాడు, అక్క వడ్డిస్తోంది. నేను అడగలేదు. ఇప్పుడు అక్కకు ఇద్దరు పిల్లలు. పోయిన నెల పోయినప్పుడు మాటల్లో ఆ రోజులు కదిపాను. ఆమె చేస్తున్న పని ఆపి నా వైపు చూసి, "నిజంగనా? గన్నొద్దులు పాలు లేకుంట ఎట్లున్నం రా?" అని నన్నే అడిగింది. అత్త వండిన కుసుమల పాశం మాత్రం యాదికుందట. ఎందుకు వండిందో యాదికి లేదట. చెప్పబోయాను. ఇంతలో లోపల చిన్నది నిద్ర లేచి ఏడ్చింది, అక్క లేచి పోయింది. ఏడుపు ఆగింది. నేను వరండాలో కూర్చున్నాను. ఆ నెలన్నరను కాలం మా అక్క దగ్గరి నుంచి ఎత్తుకుంది గాని, ఎంతో దూరం మోయలేకపోయిందేమో, తీసుకొచ్చి నా దగ్గర దించి పోయింది.